మంగు, ఎండ, తొందర

“ఎన్నాళ్ళలో పోతుందండీ?” ముఖం మీద మచ్చల మాట వస్తే మొదట వినిపించే ప్రశ్న ఇదే. ఎందుకొచ్చాయని అడిగేవాళ్ళు తక్కువ. అసలివి ఏ రకం మచ్చలని అడిగేవాళ్ళు ఇంకా తక్కువ. ముహూర్తం పెట్టుకున్న ఇల్లయితే ఆ ప్రశ్నకు గడువు కూడా ఉంటుంది. పెళ్ళిలోగా పోవాలి. పెళ్ళికూతురికే కాదు, తల్లికీ, పిన్నికీ, మేనత్తకీ కూడా పోవాలి.

చాలా ఏళ్ళుగా ఈ ప్రశ్న వింటూ, చర్మ వైద్యుల గదుల బయట మావాళ్ళకు తోడుగా కూర్చుంటూ, మందుల డబ్బాల మీది సన్న అక్షరాలు చదువుతూ నేనొక అభిప్రాయానికి వచ్చాను. మచ్చ వల్ల ముఖానికి జరిగే చెరుపు కొంచెమే. అది వెంటనే పోవాలన్న తొందర చేసే చెరుపు మాత్రం కొందరిని జన్మంతా వదలదు.

ముందు ఏ మచ్చో తేలాలి. తెల్లజాతి వాళ్ళ ముక్కు మీదా బుగ్గల మీదా కనిపించే చిన్న చిన్న గోధుమరంగు చుక్కల్ని ఫ్రెకిల్స్ అంటారు. అవి చాలావరకు పుట్టుకతో వచ్చే గుణం. ఎర్రజుట్టుకు కారణమయ్యే ఎంసీ1ఆర్ అనే జన్యువుకే వీటితోనూ సంబంధం ఉంది. పసితనం దాటుతుండగా బయటపడతాయి, ఎండాకాలం ముదురుతాయి, చలికాలం వెలిసిపోతాయి, వయసు పైబడే కొద్దీ చాలామందిలో తగ్గుతాయి. వాటివల్ల ఏ హానీ లేదు. అయినా వాటిని పోగొట్టుకోవడానికి అక్కడి ఆడవాళ్ళు పడ్డ బాధ చిన్నది కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో ఫ్రెకిల్స్ పోగొడతామని అమ్మిన లేపనాల్లో పాదరసం ఉండేది. సౌందర్య సాధనాల్లో పాదరసాన్ని అక్కడి ప్రభుత్వం 1973లో గానీ నిషేధించలేదు. అంటే కొన్ని తరాల ఆడపిల్లలు, దేనికీ చికిత్స అక్కర్లేని చుక్కల కోసం, మూత్రపిండాల్ని దెబ్బతీసే లోహాన్ని రాత్రిళ్ళు ముఖానికి పట్టించుకున్నారు.

మన ముఖాల మీద అంతకంటే ఎక్కువగా కనిపించేది మంగు. వైద్యులు మెలాస్మా అంటారు. రెండు బుగ్గల మీదా ఇంచుమించు ఒకే తీరున, ముక్కు దూలం మీద, నుదుటి మీద, పైపెదవి మీద గోధుమ, బూడిద రంగుల్లో పట్టులా పరుచుకుంటుంది. పైపెదవి మీద వచ్చినవాళ్ళ బాధ ఎక్కువ, దూరం నుంచి మీసంలా కనిపిస్తుందని. మగవాళ్ళకూ వస్తుంది, కాని ఆడవాళ్ళలో చాలా ఎక్కువ. గర్భంతో ఉన్నప్పుడు మొదలై కొందరికి కాన్పయిన ఏడాదిలోపు దానంతటదే పలచబడుతుంది, కొందరికి ఉండిపోతుంది. గర్భనిరోధక మాత్రలతో కూడా రావచ్చు. తల్లికి ఉంటే కూతురికి వచ్చే అవకాశం ఎక్కువ. వీటన్నిటికీ తోడై దాన్ని పైకి తెచ్చేది, ఎప్పటికప్పుడు ముదరబెట్టేది ఎండ.

అలాగని ప్రతి నలుపూ మంగు కాదు. మెడ వెనక మందంగా, మఖమల్ గుడ్డలా నల్లబడితే అది ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదనడానికి గుర్తు కావచ్చు. దానికి క్రీము కాదు, చక్కెర పరీక్ష కావాలి. జుట్టుకు వేసే రంగు పడక నుదుటి చుట్టూ, చెవుల దగ్గర నల్లబడేవాళ్ళున్నారు. రోజూ పెట్టుకునే కుంకుమలోని రసాయనం పడక బొట్టు చోటే నల్లమచ్చ తేలేవాళ్ళున్నారు. నైలాన్ పీచుతో ఏళ్ళ తరబడి గట్టిగా రుద్దుకోవడం వల్ల మెడ మీదా చేతుల మీదా వచ్చే నలుపు వేరే. నల్లబడిందని ఇంకా గట్టిగా రుద్దుతారు, రుద్దిన కొద్దీ నల్లబడుతుంది. ఇన్ని కారణాలున్న చోట, పక్కింటావిడకు పనిచేసిన ట్యూబు మనకూ పనిచేస్తుందని నమ్మడం ఎంత ప్రమాదమో చూడండి.

చర్మం పని తెలిస్తే తొందర కొంత తగ్గుతుందని నా నమ్మకం. పైచర్మం అడుగున మెలనోసైట్లనే కణాలుంటాయి. తెల్లవాళ్ళకైనా నల్లవాళ్ళకైనా వీటి సంఖ్యలో పెద్ద తేడా ఉండదు, అవి తయారుచేసే రంగు ఎంత, ఎలాంటిది అన్నదే తేడా. ఒక్కో మెలనోసైటు తన చుట్టూ ఉన్న ముప్ఫై ఆరు దాకా కణాలకు మెలనిన్ అందిస్తుంది. అందుకున్న కణం ఆ రంగును తన కేంద్రకం పైన, ఎండ వచ్చే వైపు, గొడుగు పట్టినట్టు పేర్చుకుంటుంది. లోపల ఉన్న డీఎన్‌ఏ ఎండకు చెడిపోకుండా చర్మం చేసుకున్న ఏర్పాటు అది. మంగులో ఈ ఏర్పాటే హద్దు మీరుతుంది. ఆ చోట మెలనోసైట్లు ఎంత కొంచెం వెలుగు తగిలినా ఎక్కువ రంగు చేస్తాయి. మనం తిట్టుకునే ఆ నలుపు చర్మం మనల్ని కాపాడబోయి చేసిన అతి.

పైచర్మం కణాలు అడుగున పుట్టి, పైకి జరుగుతూ, చివరికి రాలిపోవడానికి నాలుగు వారాలకు అటూ ఇటూగా పడుతుంది. వయసు పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ. మంచి మందు చేసేదల్లా కొత్త రంగు తయారీని తగ్గించడం. పాత రంగు కణాలతో పాటు రాలాలి. అందుకే నిజాయతీ ఉన్న ఏ వైద్యుడైనా రెండు మూడు నెలలు ఆగమంటాడు. రంగు ఇంకా లోపలి పొరలోకి దిగితే ఆ లెక్క కూడా పనికిరాదు. అక్కడ కణాలు అలా రాలిపోవు, మచ్చ ఏళ్ళ తరబడి కదలదు. వారంలో ముఖం తేటబడిందంటే, ఆ క్రీము రంగు తయారీని ఆపడం కాక మరేదో చేస్తోందని అర్థం.

ఆ మరేదో ఏమిటో తెనాలిలో మా పిన్ని వాళ్ళ వీధి చివరి మందుల కొట్లో దగ్గర నుంచి చూశాను. పిన్నికి బుగ్గల మీద మంగు. కొట్టు కుర్రాడు అడగగానే తీసిచ్చాడు, చిటికెన వేలంత అల్యూమినియం ట్యూబు, లేత గులాబీ రంగు అట్టపెట్టె. “అందరూ ఇదే వాడుతున్నారమ్మా, వారంలో తేడా కనపడిద్ది” అన్నాడు. చీటీ అడగలేదు. అట్టపెట్టె మీద ఆర్‌ఎక్స్ గుర్తు ఉంది, పక్కన వైద్యుడి సలహా లేనిదే అమ్మకూడదన్న హెచ్చరిక ఉంది. వెలుతురులోకి తిప్పి చదివితే మూడు పేర్లు కనిపించాయి: హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినాయిన్ 0.025 శాతం, మొమెటసోన్ 0.1 శాతం.

“పిన్నీ, ఇందులో స్టెరాయిడ్ ఉంది.”

“ఉంటే ఏమే? పక్కింటి కోడలు రెండేళ్ళ నుంచి రాస్తోంది. ముఖం ఎంత తేటగా వచ్చిందో నువ్వే చూడు.”

ఆ సాయంత్రమే చూశాను. ఆ అమ్మాయి వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. దూరం నుంచి ముఖం తెల్లగానే ఉంది. దగ్గరికి వస్తే బుగ్గల కింద సన్నటి ఎర్ర నరాలు దారపు పోగుల్లా కనిపిస్తున్నాయి. చెంపల మీద మునుపు లేని నూగు. గడ్డం దగ్గర వరసగా మొటిమలు. పొయ్యి ముందు నిలబడితే ముఖం మండుతుందట. మానేద్దామని రెండు రోజులు ఆపితే ఎర్రగా పొంగి, దురద పెట్టి, మళ్ళీ రాస్తే గానీ తగ్గలేదట. “మానలేకపోతున్నానక్కా” అంది, తప్పు తనదే అయినట్టు.

తప్పు ఆమెది కాదు. స్టెరాయిడ్ రాసిన కొత్తలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, వాపు తగ్గుతుంది, రంగు తయారీ కూడా తగ్గుతుంది. ముఖం తేటబడుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, నాళాలు పైకి తేలి, మందు ఆపితే మంట పుట్టే స్థితికి వస్తుంది. మన దేశపు చర్మ వైద్యులే దీనికి పేరు పెట్టారు, స్టెరాయిడ్ దెబ్బతీసిన ముఖమని. వాళ్ళు 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరీక్షిస్తే 433 మంది ముఖానికి స్టెరాయిడ్ క్రీము రాస్తున్నారని తేలింది. వాళ్ళలో సగానికి పైగా వైద్యులు కానివాళ్ళ సలహాతో మొదలుపెట్టినవాళ్ళు. ఆ వైద్యుల సంఘం ఏళ్ళ పాటు పోరాడాక 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం చర్మానికి రాసే పద్నాలుగు స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, అంటే చీటీ లేకుండా అమ్మడం నేరం. చట్టం వచ్చింది. మా పిన్ని వీధి చివరిదాకా ఇంకా రాలేదు.

ఈ మూడు మందుల కలయిక మొదట దొంగతనంగా పుట్టింది కాదు. 1975లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్, ఐజాక్ విల్లిస్ అనేవాళ్ళు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ మూడూ కలిపితే విడివిడిగా కంటే బాగా పనిచేస్తాయని చూపించారు. (క్లిగ్‌మన్ పేరు తలిచినప్పుడు ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలు ఖైదీల చర్మం మీద ఆయన ఏళ్ళ తరబడి చేసిన ప్రయోగాలు కూడా తలచుకోవాలి. చర్మ వైద్యంలో మనం అనుభవిస్తున్న కొంత జ్ఞానం ఆ మనుషుల ఒంటి మీదుగా వచ్చింది.) వైద్యుడి కంటి ముందు, కొన్ని వారాలకు, రాత్రిపూట పలచగా, పగలు ఎండకు కాపలాతో వాడితే ఆ కలయిక ఇప్పటికీ మంగుకు గట్టి మందే. ఆ ‘కొన్ని వారాలు’ అన్న మాట కొట్టు దగ్గర ఎవరూ చెప్పరు.

హైడ్రోక్వినోన్ సంగతీ అంతే. దాని కథ ఒక తోళ్ళ కర్మాగారం నుంచి మొదలవుతుంది. అమెరికాలో రబ్బరు తొడుగులు వేసుకుని పనిచేసే కార్మికుల చేతులు తెల్లగా రంగు విరిగిపోవడం 1939లో వైద్యులు గమనించారు. వాళ్ళలో నల్లజాతి వాళ్ళు ఎక్కువమంది. రబ్బరు చెడిపోకుండా అందులో కలిపిన రసాయనం వాళ్ళ చర్మంలో రంగు చేసే కణాల్నే చంపేసింది. ఆ రసాయనానికి దగ్గరి చుట్టం హైడ్రోక్వినోన్. ఇది కణాన్ని చంపకుండా రంగు చేసే ఎంజైమును అడ్డుకుంటుంది. తగిన మోతాదులో తగినన్నాళ్ళు వాడితే మేలు. ఏళ్ళ తరబడి, ఎక్కువ శాతంలో, ఎండలో తిరుగుతూ వాడితే కొందరికి ముఖం మీద నీలినలుపు మరకలు పడతాయి, అవి పోవడం మహాకష్టం. 1975లో దక్షిణాఫ్రికాలో ఇది మొదట బయటపడింది. నల్లదనం పోగొట్టుకుందామని రాసిన మందుతోనే ముఖాలు నల్లబడ్డ ఆ ఆడవాళ్ళను తలచుకుంటే నాకు కడుపులో దేవినట్టవుతుంది. ఆ దేశం 1990లో సౌందర్య సాధనాల్లో దాన్ని నిషేధించింది.

పాదరసం ఇంకా పోలేదు. మినమాటా ఒప్పందం ప్రకారం 2020 తర్వాత పాదరసం కలిపిన చర్మం క్రీములు తయారుకాకూడదు. అయినా పేరూ ఊరూ లేని డబ్బాల్లో వస్తూనే ఉన్నాయి. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్ వైద్యులు 2021–23 మధ్య ఒక రకం మూత్రపిండ వ్యాధితో వచ్చిన 22 మందిని గమనిస్తే, వాళ్ళలో 15 మందికి అరుదుగా కనిపించే ఒక గుర్తు ఉంది, ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు రాస్తున్నవాళ్ళు. ముఖానికి రాసింది మూత్రంలో మాంసకృత్తులు పోయేలా చేసింది. డబ్బా మీద తయారీదారు చిరునామా, బ్యాచి నంబరు, లోపల ఏముందో రాసిన జాబితా లేకపోతే ఎవరు ఎంత ప్రేమతో ఇచ్చినా పారేయండి. దుబాయి నుంచి బంధువులు తెచ్చినా సరే.

వీటి మధ్య ఒక మందు కథ నాకు చాలా ఇష్టం. జపానులో ఉటాకో ఒకమోటో అనే శాస్త్రవేత్త, భర్త షోసుకేతో కలిసి 1962లో ట్రనెక్సామిక్ యాసిడ్‌ను కనుక్కుంది. కాన్పులో రక్తస్రావమై తల్లులు చనిపోకుండా ఆపాలన్నది ఆవిడ తపన. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. చివరికి 20,060 మంది బాలింతలతో చేసిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చి, వెంటనే ఇస్తే రక్తస్రావ మరణాలు తగ్గుతాయని తేల్చాయి. ఈలోగా 1979లో జపానులోనే, దద్దుర్ల కోసం ఇదే మందు వాడుతున్న ఒక రోగికి మంగు వెలిసిపోవడం వైద్యుల కంటపడింది. తల్లుల ప్రాణం కోసం పుట్టిన మాత్ర తల్లుల ముఖం మీది మచ్చకూ పనికొచ్చింది. ఇప్పుడు మన దగ్గర కూడా మొండి మంగుకు 250 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు చొప్పున కొన్ని నెలలు ఇస్తున్నారు. కాని ఇది రక్తం గడ్డను కరగనివ్వని మందు. కాళ్ళలో గడ్డలు కట్టిన చరిత్ర ఉన్నవాళ్ళకు, గర్భనిరోధక మాత్రలు మింగేవాళ్ళకు ప్రమాదం. మంగు వచ్చిందే ఆ మాత్రల వల్లయితే, రెండూ కలిపి మింగే ఆడవాళ్ళ పరిస్థితి ఏమిటి? వైద్యుడు అడగకపోయినా వేసుకుంటున్న మాత్రల పేర్లన్నీ మనమే చెప్పాలి.

లేజర్ల గురించి ఎక్కువ చెప్పను. తెల్లచర్మం మీది ఫ్రెకిల్స్‌కు అవి బాగా పనిచేస్తాయి, ఎండకు మళ్ళీ వస్తాయన్నది వేరే మాట. మన చర్మం మీది మంగుకు మాత్రం చాలా జాగ్రత్త కావాలి. కొన్ని వారాలు తెల్లబడి తర్వాత మునుపటికంటే నల్లబడ్డ ముఖాలు, తెల్ల చుక్కలు మిగిలిన ముఖాలు ఉన్నాయి. ప్యాకేజీ ముందే కట్టమనే చోటికి వెళ్ళవద్దని మాత్రం అంటాను.

వంటింటి వైద్యం మీద నాకు చులకన లేదు. మంగు ఎప్పటి నుంచో ఉంది, మనవాళ్ళు ఎప్పటి నుంచో దానితో పెనుగులాడారు. ఆయుర్వేదం దీన్ని వ్యంగమంది. కోపం, శ్రమ దీనికి కారణాలని సుశ్రుతుడు చెప్పాడు. కుంకుమపువ్వుతో చేసే కుంకుమాది తైలం అష్టాంగ హృదయంలోనే ఉంది. మా అమ్మమ్మ సానమీద జాజికాయను పాలతో అరగదీసి పట్టు వేసేది. సున్నిపిండి చర్మాన్ని మెత్తగా శుభ్రం చేస్తుంది, గట్టిగా రుద్దనంత వరకు మంచిదే. నేను గట్టిగా వద్దనేది నిమ్మచెక్క ఒక్కటే. నిమ్మరసం పులుపు చర్మాన్ని కొరుకుతుంది. అంతకంటే ముఖ్యం, నిమ్మజాతి కాయల రసం, తొక్క నూనె చర్మం మీద ఉండగా ఎండ తగిలితే ఆ రెండూ కలిసి బొబ్బలెక్కిస్తాయి, తర్వాత నెలల తరబడి నల్లమరక మిగులుస్తాయి. మచ్చ పోతుందని నిమ్మచెక్క రుద్దుకుని అదే పొద్దున బట్టలారేయడానికి డాబా ఎక్కడం కొత్త మచ్చను కోరి తెచ్చుకోవడమే.

పిన్నిని చివరికి గుంటూరులో ఒక చర్మ వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ తలుపు వేసి, దీపాలార్పి, ఊదా వెలుగు వచ్చే చిన్న దీపం ముఖానికి దగ్గరగా పట్టింది. కొన్నిచోట్ల మచ్చ అంచులు గీత గీసినట్టు తేలాయి, కొన్నిచోట్ల కనిపించకుండా కలిసిపోయాయి. తేలినచోట రంగు పై పొరలో ఉందట, అది తగ్గుతుంది. కలిసిపోయిన చోట లోపల ఉందట, దాని మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దంది. తర్వాత మందు రాయకుండా ప్రశ్నలు వేసింది. “పొద్దున పది నుంచి మూడు దాకా ఎక్కడుంటారమ్మా?” ఎక్కడా లేను, ఇంట్లోనే అంది పిన్ని. ఒక్కొక్కటే అడిగితే బయటికొచ్చింది. డాబా మీద వడియాలు, మిరపకాయలు. పెరట్లో అంట్లు. మధ్యాహ్నం తలుపు దగ్గర కిటికీ పక్కన కూర్చుని టీవీ.

కిటికీ కూడా లెక్కలోకి వస్తుంది. చర్మాన్ని కమిలించే యూవీ–బి కిరణాల్ని మామూలు అద్దం ఆపేస్తుంది గాని, లోపలికి దిగే యూవీ–ఎ చాలావరకు దాటి వచ్చేస్తుంది. 2012లో ఒక అమెరికన్ వైద్య పత్రిక ఒక ముసలాయన ఫొటో వేసింది. వయసు 69, 28 ఏళ్ళు సరుకుల లారీ నడిపాడు. కిటికీ వైపున్న ఎడమ చెంప వడలి, ముడతలు పడి కుడి చెంప కంటే చాలా ముసలిదిగా కనిపిస్తుంది. మన బండ్లలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి ఇక్కడ ఆ దెబ్బ కుడి చెంపకు. మంగును కళ్ళకు కనిపించే వెలుగు కూడా, ముఖ్యంగా నీలం వెలుగు, ముదురుస్తుంది. అందుకే రంగు కలిపిన సన్‌స్క్రీను మంగుకు మామూలు తెల్ల సన్‌స్క్రీను కంటే మేలు. ఆ రంగు ఇనుప ఆక్సైడు, మన గోడలకు పూసే జాజులో ఉండేదే. అలాగని జాజు పూసుకోకండి. ముఖానికి వాడేది వేరేగా శుద్ధి చేస్తారు.

సన్‌స్క్రీను గురించి అందరూ చెప్పేదే, ఎవరూ చేయనిదీ ఒకటుంది. డబ్బా మీది ఎస్‌పీఎఫ్ అంకె రావాలంటే ముఖానికీ మెడకూ కలిపి చూపుడువేలు, మధ్యవేలు పొడుగునా రెండు చారలు తీసి పూయాలి, బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ పూయాలి. మనం బొట్టంత తీసి పులుముతాం. సరిగ్గా వాడితే 50 గ్రాముల ట్యూబు రెండు మూడు వారాలకు మించి రాదు. ఆ ఖర్చు ఎవరు పెట్టగలరు?

అందుకే ఎండ ఎప్పుడు పదునుగా ఉంటుందో తెలుసుకోవడం నాకు అన్నిటికంటే విలువైన విద్యగా తోస్తుంది. దానికి ఖర్చు లేదు. నేల మీద మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్నంతసేపూ ఎండ హాని చేసే స్థాయిలో ఉన్నట్టే. తెనాలి పదహారు డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు రెండో వారం దగ్గర మరోసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మేలో గొడుగు వేసుకుంటాం. ఆగస్టులో మబ్బు పట్టిందని, చల్లగా ఉందని శ్రావణమాసం పేరంటాలకు వట్టి తలతో తిరుగుతాం. పలచటి మబ్బు వేడిని ఆపినంతగా ఆ కిరణాల్ని ఆపదు.

విజయవాడలోనూ హైదరాబాదులోనూ స్కూటీల మీద పోయే ఆడపిల్లలు కళ్ళు మాత్రం కనపడేలా చున్నీ చుట్టుకుంటారు. ఎవరో వైద్యుడు చెప్పి నేర్పింది కాదది. దట్టమైన నేత, ముదురు రంగు ఉన్న చున్నీ ఖరీదైన క్రీముల కంటే తక్కువేమీ కాదు. మిరప కోతలకు వెళ్ళే ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ పాత పొడుగుచేతుల చొక్కా తొడుక్కుంటారు, తలకు తువ్వాలు చుట్టుకుంటారు. ఒంటికి కాపలా ఉంది, ముఖానికి లేదు. నాట్ల కాలంలో వంగి ఉంటారు కదా అనుకుంటే మడి నీళ్ళ మీంచి కొంత వెలుగు తిరిగి ముఖం మీదికే వస్తుంది. మన ఊళ్ళలో మంగు గట్టిగా పట్టేసిన ముఖాలు వాళ్ళవి. వాళ్ళెవరూ చర్మ వైద్యుడి గది బయట నాకు కనిపించలేదు. ఇరవై రూపాయల పేరులేని డబ్బా దగ్గర మాత్రం కనిపిస్తారు.

ఆస్ట్రేలియాలో 1981లో ఒక ప్రచారం మొదలైంది: చొక్కా తొడుక్కో, క్రీము రాసుకో, టోపీ పెట్టుకో. ఇప్పుడక్కడ చాలా బడుల్లో టోపీ లేని పిల్లను ఆటస్థలంలో ఎండలోకి పోనివ్వరు. వాళ్ళ భయం చర్మ క్యాన్సరు, మనకు అది చాలా తక్కువ. అయినా ఎండకు నీడ ఏర్పాటు చేయడం ఒక సర్కారు పని అని వాళ్ళు ఒప్పుకున్నారు, అది నాకు నచ్చింది. మనమూ కాగితం మీద ఒప్పుకున్నాం. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో పనిచోట తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టెతో పాటు పిల్లలకూ విశ్రాంతి వేళకూ నీడ ఉండాలని రాశారు. కూలికి వచ్చినవాళ్ళకు అంచు వెడల్పున్న తాటాకు టోపీ ఒకటి ఇస్తే ఏమవుతుంది? బడి ప్రార్థన చెట్టుకింద పెడితే ఏమవుతుంది? కూరగాయల బండికి గుడ్డ పందిరి వేయడానికి మునిసిపాలిటీ కాస్త సాయం చేస్తే ఏమవుతుంది? మంగు మందుల కోసం మన ఇళ్ళలో పోసే డబ్బుతో పోలిస్తే ఇవన్నీ చవక. ఒక్క తేడా, వీటి ఫలితం వారంలో కనిపించదు.

పిన్నికి ఆ వైద్యురాలు స్టెరాయిడ్ రాయలేదు. రాత్రికి అజెలాయిక్ యాసిడ్ క్రీము, పగటికి రంగు కలిపిన సన్‌స్క్రీను, డాబా పనులు తెల్లవారకముందో పొద్దువాలాకో అని చెప్పింది. పక్కింటి కోడలిని కూడా తీసుకెళ్ళాం. ఆమెది పెద్ద పనైంది. క్రీము ఒక్కసారిగా ఆపకుండా మెల్లగా తగ్గిస్తూ, మంట పుట్టిన రోజుల్లో ఓర్చుకుంటూ, చాలా నెలలు పట్టింది. ఎర్ర నరాలు కొన్ని మిగిలే ఉన్నాయి. పిన్ని బుగ్గల మీద పై పొర మచ్చ వెలిసిపోయింది, లోపలిది అలాగే ఉంది. చివరిసారి వెళ్ళినప్పుడు మిగిలినదానికి ఇంకేమైనా చేద్దామా అని వైద్యురాలే అడిగింది, మాత్ర సంగతీ ఇబ్బందులూ అన్నీ చెప్పింది. పిన్ని కాసేపు ఆలోచించి వద్దంది. మంగు ప్రాణానికేమీ చేయదని వైద్యురాలే చెప్పింది కదా, ఉన్నదాన్ని ఉండనిస్తాను, సన్‌స్క్రీను మాత్రం మాననంది. వైద్యం ఆపడమూ వైద్యంలో భాగమేనంటూ ఆవిడ నవ్వి చీటీ మీద ఒక్క మందే రాసింది.

మొన్న బంధువుల పెళ్ళిలో ఒకావిడ అందరి ముందూ పిన్ని గడ్డం పట్టుకుని అడిగింది, “ఏంటే, ముఖం ఇట్టా అయిపోయింది?”

“మంగు వదినా. కొంచెం పోయింది, కొంచెం ఉంది” అంది పిన్ని. ఆవిడ కూతురి బుగ్గల మీద కూడా కనిపించిందేమో, ఆ పిల్లను పిన్ని పక్కకు పిలిచి ఏ ట్యూబు రాస్తోందో అడిగింది.